పోతపాలు, మాతృధర్మము

తల్లి తన బిడ్డకు చనుబాలీయక పోతపాలు పట్టినచో ధర్మము తప్పినట్లా? ఈ ప్రశ్న శాస్త్రగోష్ఠులలో కంటె పురిటిండ్లలోనే తరచుగా వినబడును. బారసాలకు వచ్చిన ముత్తైదువలు ఉయ్యాలలోని శిశువును ముద్దాడి, గూటిలోని పాలడబ్బా మీద చూపు నిలిపి, "ఏమ్మా, పాలు పడలేదా?" అని అడుగుదురు. అడుగువారి మనస్సున జాలియే ఉండవచ్చును. కాని పచ్చి బాలింత చెవికి ఆ మాట తీర్పుగానే సోకును. ఆమె ఏదో చెప్పబోవును. చెప్పుట ముగియకముందే వెల్లుల్లి, మునగాకు, సొరపిట్టు అంటూ సలహాలు మొదలగును. తల్లిని మించిన దైవము లేదని నిత్యము పలుకు మనము ఆ దైవమును ఇంత సులభముగా దోషిని చేయుట ఏ ధర్మమును అనుసరించియో విచారింపవలసి యున్నది.

విచారమునకు ముందు ఒక విషయము స్పష్టముగా చెప్పవలెను. తల్లిపాల శ్రేష్ఠత్వమును గూర్చి వివాదము లేదు. కాన్పయిన తొలిదినములలో ఊరు ముర్రుపాలు చూచుటకు పసుపుపచ్చగాను, పరిమాణమున స్వల్పముగాను ఉన్నను, వ్యాధులనుండి శిశువును కాపాడు రక్షకద్రవ్యములతో నిండియుండును. వానిని చెడుపాలని పిండి పారబోసి, తేనెయో పంచదార నీళ్లో నాకించు ఆచారము మన పల్లెలలో చాలకాలము సాగినది. స్త్రీలకు మూడు నాలుగు రాత్రుల తరువాత స్తన్యము ప్రవర్తించునని సుశ్రుతుడు చెప్పి, ఆ లోపల తేనెను, నేతిని విధించెను. పాలు నిండుగా దిగుటకు అన్ని దినములు పట్టునన్న ఆ మహనీయుని పరిశీలనము నేటికిని సత్యమే. కాని ఆ వ్యవధిలో శిశువునకు చాలినది ఆ కొద్దిపాటి ముర్రుపాలే యనియు, తేనె పసికందులకు ప్రమాదకరమనియు నేటి వైద్యము నిర్ణయించినది. ఆరు మాసములు తల్లిపాలు మాత్రమే, ఆపైన ఇతరాహారముతో పాటు రెండేండ్లవరకును, అంతకు మించియు తల్లిపాలు అని ప్రపంచారోగ్యసంస్థ చెప్పుచున్నది. దీనిని ఎవ్వరును కాదనరు. పోతపాలు పట్టు తల్లులు సైతము కాదనరు. కాదనలేకపోవుటయే వారి దుఃఖము.

అట్లయినచో వారు పోతపాలను ఏల ఆశ్రయించుచున్నారు? ఏ జిల్లా కేంద్రములోని ప్రసూతి ఆసుపత్రినైనను అర్ధరాత్రి దాటినవేళ చూచినచో ఈ ప్రశ్నకు సగము సమాధానము దొరకును. ఉదయమున శస్త్రచికిత్స జరిగిన తల్లి ప్రక్కకు ఒత్తిగిలలేక వెల్లకిలగా పడియుండును, ఒక చేతికి సెలైను సూది, పొత్తికడుపున కుట్లు. శిశువు గుక్కపట్టి యేడ్చుచుండును. అమ్మమ్మ బిడ్డను భుజమున వేసికొని వరండాలో తిరిగి తిరిగి వేసారి, "పిల్లాడి గొంతు ఎండిపోతోంది" అనును. క్రింద మందులదుకాణము తెరచియే యుండును. అల్లుడు డబ్బా తెచ్చును. కాచి చల్లార్చిన నీటిలో పొడి కలిపి ఉగ్గుగిన్నెతో నాలుగు గుక్కలు పోయగనే శిశువు నిద్రించును. అందరును తేలికగా ఊపిరి పీల్తురు. మూడు నాలుగు దినములకు రొమ్ములు గడ్డకట్టి, సలిపి, బిడ్డను ప్రక్కలో వేయగా వాడు చనుమొన పట్టక తల త్రిప్పుకొనును. నాటితో "పాలు చాలడం లేదు" అన్న మాట ఆ యింట స్థిరపడిపోవును. 2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేక్షణము ప్రకారము దేశమున నూటికి 21.5 కాన్పులు శస్త్రచికిత్సతో జరుగగా, ఆంధ్రప్రదేశమున 42.4, తెలంగాణమున 60.7 అట్లు జరిగినవి. పుట్టిన గంటలోపల స్తన్యమందిన పిల్లలు దేశమున నూటికి 41.8 మాత్రమే. ఈ అంకెలను ప్రక్కప్రక్కన ఉంచి చూచినవారు, డబ్బా తెచ్చిన చేతినిగాని, దానికి తలయూచిన తల్లినిగాని నిందించుటకు తొందరపడరు.

పాలు చాలవను భయము డబ్బాను ఇంటికి తెచ్చు కారణములలో ప్రధానమైనది. నిజముగా పాలు పడని తల్లులు కొలదిమందియే. కాన్పులో అధిక రక్తస్రావమై పీయూషగ్రంథి దెబ్బతిన్నవారికి, స్తనగ్రంథి తగినంత పెరుగనివారికి, కొన్ని శస్త్రచికిత్సలు జరిగినవారికి అట్టి లోపము కలుగును. తక్కినవారి విషయమున భయమే లోపమును సృష్టించును. ఊటబావిలో నీరు తోడినకొలది ఊరునట్లు చనుబాలు శిశువు పీల్చినకొలది ఊరును. ఒక పూట సీసా పట్టినచో ఆ పూటకు పీల్పు తగ్గును, పీల్పు తగ్గినచో ఊట తగ్గును, ఊట తగ్గినచో రెండవ సీసా అవసరమగును. పైగా పాలు చేపుటకు తోడ్పడు ఆక్సిటోసిన్ అను స్రావము తల్లికి నొప్పి, దిగులు, అవమానము కలిగినపుడు సరిగా వెలువడదు. క్రోధము, శోకము, అవాత్సల్యము స్తన్యనాశమునకు కారణములని సుశ్రుతుడు చెప్పిన మాట ఇచ్చట స్మరణీయము. కోపమును శోకమును ఆమెకు కలిగించినవారెవరు? ఆడపిల్ల పుట్టినదని ముఖము ముడుచుకొన్న అత్తగారా, ఆసుపత్రి ఖర్చు లెక్కపెట్టిన మామగారా, రాత్రి యేడ్పునకు విసిగి ప్రక్కగదిలో పడుకొన్న భర్తయా? పాలు ఇంకుట తల్లి రొమ్మునందు కనబడును గాని దాని మూలము ఇంటినిండ వ్యాపించి యుండును.

ఇక జీవనోపాధి. 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టమును 2017లో సవరించి, మొదటి రెండు కాన్పులకు 26 వారముల జీతముతో కూడిన సెలవు ఏర్పరచిరి; ఏబదిమందికి తక్కువకాని ఉద్యోగులున్న చోట శిశుగృహముండవలెననియు విధించిరి. ఈ 26 వారములు వైద్యులు చెప్పు ఆరు మాసములకు సరిపోవును. కాని యీ చట్టపు నీడ ఎవరి మీద పడుచున్నది? గుంటూరు మిర్చియార్డులో తొడిమలు తీయు కూలికి, పాలమూరు పత్తిచేలలో వంగి పత్తి తీయు తల్లికి, నగరములలో నాలుగిండ్లు అంట్లు తోము ఇల్లాలికి జీతముతో సెలవన్నది ఎక్కడిది? నెల తిరుగకమునుపే పనిలోనికి పోవు ఆమె మిరపఘాటు అంటిన చేతులతో బిడ్డను ఎత్తుకొనలేదు. ఇంటనున్న ముసలమ్మకు సీసా అప్పగించి పోవును. సాయంకాలము వరకు రవికె తడిసి, రొమ్ములు బరువెక్కి, ఆ బాధను ఓర్చుకొనుచు పని ముగించును. ఆమె పోతపాలను ఎన్నుకొన్నదని అనుట మాటకు సరిపోవును గాని, ఎన్నుకొనుటకు రెండవ మార్గము ఆమె ముందర ఎవ్వరును ఉంచలేదు.

బిడ్డను దత్తు తీసికొన్న తల్లి, కాన్పులో తల్లి గతించిన పసివానిని పెంచు మేనత్త, క్యాన్సరునకు మందులు వాడుచున్న స్త్రీ, పాలలోని చక్కెరయే విషమగు అరుదైన జన్మవ్యాధి గల శిశువును కన్న దురదృష్టవంతురాలు — వీరియెడ ఎవ్వరికిని ఆక్షేపణ యుండదు. ఆక్షేపణ యంతయు ఇట్టి కారణమేదియు చూపక, "నా వల్ల కాదు" అను తల్లిమీదనే. చనుమొనలు పగిలి నెత్తురు కారుచుండగా ఓర్చుకొని, నిద్రలేక మనస్సు చీకటిగమ్మి, చివరకు ఆ మాట అన్నవారు కలరు. ఏ బాధయు లేకయే తన దేహమును గూర్చి తానే నిశ్చయించుకొన్నవారును కలరు. దేహము నుండి దేహమునకు ప్రవహించు ఈ దానమునకు దాత ఇష్టమే ప్రాణము. బలవంతముగా పుచ్చుకొన్నది దానమనిపించుకొనదని మన ధర్మశాస్త్రము భూమివిషయమునను ధనవిషయమునను ఒప్పుకొనుచుండగా, స్త్రీదేహవిషయమున మాత్రము ఒప్పుకొనకపోవుట న్యాయము కాదు.

ఇచ్చట మీమాంసకుల విచారమొకటి మనకు మిక్కిలి తోడ్పడును. యజ్ఞమునకు విధించిన ద్రవ్యము లభింపనపుడు ఏమి చేయవలెనని జైమిని ఆరవ అధ్యాయమున చర్చించెను. వ్రీహులు దొరకనిచో నీవారధాన్యమును, సోమలత దొరకనిచో పూతీకమును ప్రతినిధిగా గ్రహించి కర్మను పూర్తిచేయవలెను. ద్రవ్యము లోపించినదని కర్మను విడువరాదు. ప్రతినిధి ముఖ్యద్రవ్యమునకు సదృశముగా ఉండవలెను. అయితే కొన్నిటికి ప్రతినిధి లేదు: దేవతకు లేదు, అగ్నికి లేదు, మంత్రమునకు లేదు, విధించిన క్రియకును లేదు. ఈ వివేకమును మన ప్రశ్నకు అన్వయించి చూడుడు. శిశుపోషణమను మహాకర్మయందు స్తన్యము ముఖ్యద్రవ్యము. అది కొరవడినచో దానికి సదృశమగు ద్రవ్యమును గ్రహించి పోషణమును సాగించుట శాస్త్రసమ్మతమైన పనియే. ప్రతినిధి లేనిది వాత్సల్యమునకు. ఒడిలోనికి తీసికొనుట, కన్నులలో కన్నులుంచుట, ఏడ్పు వినగనే లేచుట — ఇవి సీసాలో పట్టవు, ఏ దుకాణమునను దొరకవు. వీనిని ఇచ్చిన తల్లి కర్మలోపము చేసినది కాదు.

మన పురాణములు ఈ తత్త్వమును కథారూపమున ఏనాడో చెప్పినవి. భాగవత దశమస్కంధమున పూతన వచ్చి కృష్ణునకు చన్నిచ్చినది. ద్రవ్యము సాక్షాత్తు స్తన్యమే, సంకల్పము హత్య. కన్నతల్లి దేవకి చెరసాలయందుండగా పెంచిన తల్లి యశోద చన్నిచ్చినది. ఆ యశోద ఒకనాడు పెరుగు చిలుకుచుండగా బాలుడు వచ్చి కవ్వము పట్టుకొనెను. ఆమె వానిని ఒడిలోనికి తీసికొని చన్నిచ్చుచుండెను. ఇంతలో పొయ్యి మీది పాలు పొంగజొచ్చెను. ఇంకను తనివి తీరని బిడ్డను దింపి ఆమె పొయ్యికడకు పరుగిడెను. కినుకబూనిన కృష్ణుడు కుండ పగులగొట్టి వెన్న మెక్కెను. చన్నిచ్చుట నడుమ ఇంటిపని పిలువగా బిడ్డను దింపి లేచిన తల్లిని భాగవతము ఒక్క మాటయైనను నిందింపలేదు. నిందింపకపోవుటయే కాదు, ఆ వెంటనే ఆమె త్రాటికి జగన్నాథుడు తానై కట్టుబడెననియు, బ్రహ్మకు శివునకు లక్ష్మికి సైతము దక్కని ప్రసాదము ఆమెకు దక్కెననియు శుకుడు కీర్తించెను. పోతన తెలుగున ఈ ఘట్టమును చదివి కన్నీరు పెట్టుకొను మనము, ఆఫీసుబండి వాకిట నిలువగా ఒడిలోని బిడ్డను దింపి లేచు మన కోడలిని చూచి నొసలు చిట్లించుట ఎంత వింత! చన్నిచ్చినందుకే పూతనకు సైతము తల్లిగతి నొసగిన ఆ కరుణయందు యశోదవంటి తల్లులకు చోటు చాలకపోవునా?

మహాభారతము మరియొక మెట్టు పైకి పోయి, పాలులేమికి బాధ్యులెవ్వరో చూపించుచున్నది. ద్రోణుడు నిరుపేదయై యుండగా, కలవారి పిల్లలు పాలు త్రాగుట చూచి అశ్వత్థామ పాలకొరకు ఏడ్చెను. తండ్రి ధర్మమార్గమున ఒక ఆవును సంపాదింపగోరి తిరిగి తిరిగి రిక్తహస్తములతో వచ్చెను. తోటి పిల్లలు పిండి కలిపిన నీళ్లిచ్చి పాలని నమ్మింపగా, ఆ బాలుడు త్రాగి, పాలు త్రాగితినని సంతోషముతో గంతులువేసెను. చుట్టునున్నవారు పరిహసించిరి. అశ్వత్థామ చన్నుకుడుచు శిశువు కాడు, వాడు కోరినది ఆవుపాలు. ఐనను కథలోని ధర్మసూక్ష్మము మనకు వర్తించును. ఆ పిష్టోదకమును చూచి వ్యాసుడు తల్లియైన కృపిని దోషిగా నిలుపలేదు. సిగ్గుపడినవాడు ద్రోణుడు, తన్ను తాను నిందించుకొని, బాల్యమిత్రుడైన ద్రుపదుని కడకు పోయెను, రాజు అవమానించి పంపెను. ఆ అవమానము నుండి పుట్టిన పగ ద్రుపదుని యజ్ఞకుండమునందు ధృష్టద్యుమ్నుడై, ద్రౌపదియై లేచి, కురుక్షేత్రము దాక ప్రాకినది. ఒక బిడ్డకు పాలు లేకపోవుటను తండ్రి యొక్కయు, రాజు యొక్కయు లోపముగా గ్రహించి, ఆ లోపమునకు ఎంతటి మూల్యము చెల్లింపవలసి వచ్చెనో మన ఇతిహాసము లెక్కగట్టి చూపినది.

ఇతర ధర్మముల వారును ఇట్లే తలచిరి. ఖురాను రెండవ అధ్యాయమున పాలిచ్చుటకు పూర్తిగా రెండు వత్సరములు చెప్పబడినవి. ఆ కాలమున తల్లికి అన్నవస్త్రములు సమకూర్చు భారము తండ్రిమీద ఉంచబడినది. బిడ్డ కారణముగా తల్లిని బాధింపరాదని విధింపబడినది. తల్లిదండ్రులు ఇరువురును ఆలోచించి, సమ్మతించి పాలు మాన్పింపదలచినను, దాదిని పెట్టదలచినను దోషము లేదని సెలవీయబడినది. మహమ్మదు ప్రవక్త హలీమా పాలు త్రాగి పెరిగెను. మాయాదేవి గతింపగా సిద్ధార్థుని మహాప్రజాపతి గౌతమి పెంచినది. దాదిని ఆశ్రయించుట మన ఆయుర్వేదమునందును విహితమే. చరకుడు దాదికుండవలసిన లక్షణములను వివరించుచు ఆమె బిడ్డ బ్రతికియుండవలెననియు, ఆమె సమృద్ధిగా పాలు గలది కావలెననియు చెప్పెను. కాని దాది కన్న ఆ బిడ్డ వంతుకు ఎన్ని పాలు మిగులునో అన్న ప్రశ్న ఆ లక్షణముల నడుమ వినబడదు. కలవారి శిశువు లేనివారి శిశువు పాలు పంచుకొని పెరిగిన కాలమది. స్తన్యము లేనిచో మేకపాలుగాని ఆవుపాలుగాని పట్టవలెనని వాగ్భటుడు అష్టాంగహృదయమున చెప్పిన మాట ఈ దృష్టితో చూడగా దయగలిగిన మాటగా తోచును. నేడు కొన్ని ఆసుపత్రులలో తల్లిపాల నిధులు వెలసినవి. 1989లో ముంబయిలోని సయన్ ఆసుపత్రియందు అట్టి నిధి ప్రారంభమయ్యెను. హైదరాబాదు నీలోఫర్ ఆసుపత్రియందును అట్టిది కలదు. తన బిడ్డకు మిగిలిన పాలను నెలతక్కువ శిశువులకొరకు ఇష్టపూర్వకముగా ఇచ్చు ఆ తల్లులు పాత దాదితనములోని అన్యాయమును తొలగించి పుణ్యమును నిలిపినవారు.

డబ్బాపాల పుట్టుకయు ఆదిలో కరుణనుండియే. 1865లో జర్మనీదేశపు రసాయనశాస్త్రజ్ఞుడు లీబిగ్, 1867లో స్విట్జర్లాండునందు ఆన్రీ నెస్లే తల్లిపాలకు బదులుగా శిశ్వాహారములను సిద్ధపరచిరి. ఆ తొలి ఆహారములు రెంటియందును ఆవుపాలతో పాటు గోధుమపిండియు కలదు. మన దేశమున మైసూరులోని ఆహార పరిశోధనాలయము గేదెపాలనుండి శిశ్వాహారమును చేయు పద్ధతిని రూపొందింపగా, ఆణందులోని సహకార సంస్థ దానిని ఇంటింటికి చేర్చినది. ఆపదలో ఆదుకొనుటకు వచ్చిన ద్రవ్యము లాభాపేక్ష చేతిలో పడినపుడు ఆపదనే వెదకుకొనుచు పోవును. 1939లో సింగపూరునందు సిసిలీ విలియమ్స్ అను వైద్యురాలు, తీపి డబ్బాపాలను తల్లిపాలకు బదులుగా అమ్ముట వలన పసిపిల్లలు మరణించుచున్నారని, అది హత్యయని నిర్భయముగా పలికెను. బీదయింట డబ్బా పదిదినములు రావలెనని రెండు చెంచాలకు బదులు ఒక చెంచా వేసి, కాచని నీళ్లు పోసి పట్టినచో శిశువు విరేచనములతో క్షీణించును. ఈ దుర్గతి అనేకదేశములలో కనబడిన పిమ్మట 1981లో ప్రపంచారోగ్యసభ అమ్మకపు నియమావళిని అంగీకరించెను. 1992లో మన పార్లమెంటు చట్టము చేసి, 2003లో మరింత బిగించి, శిశువుల పాలపొడికి ప్రకటనలను, ఉచితపు డబ్బాలను, డబ్బా మీద పసిపిల్లల చిత్రములను, వైద్యసిబ్బందికి కానుకలను నిషేధించెను. మందిరములో దొంగనాణెము వేసినవానిని పాపి యనుదుము. తల్లి భయమును చూచి దానిమీద వ్యాపారము చేయువాని పాపము దానికంటె లోతైనది.

అట్లయినచో తల్లికి బాధ్యతయే లేదా యని ఎవరైనను అడుగవచ్చును. కలదు. పాలు పడునా లేదా యని తెలిసినవారితో చూపించుకొనుట, తొలిగంటలో బిడ్డను తనకీయుమని అడుగుట, ఆ పైన శక్తికొలది ప్రయత్నించుట ఆమె బాధ్యత. నిత్యకర్మలు యథాశక్తిగా ఆచరించిన చాలునని మీమాంసకులే చెప్పిరి. శక్తి యెంతయో కొలుచు అధికారము చూడవచ్చినవారికి లేదు. పోతపాలే పట్టవలసివచ్చినపుడు ఆ ప్రతినిధిని శుచిగా సిద్ధపరచుట, ఆమెకును ఇంటివారందరికిని సమానముగా చెందిన బాధ్యత: సీసాను పీకను కడిగి మరిగించుట, మరగకాచిన నీరు వేడి పూర్తిగా ఆరకముందే పొడి వేయుట, చెంచాను గీటి సమముగా కొలుచుట, చల్లార్చి మణికట్టు మీద ఒక చుక్క వేసి చూచుట, మిగిలిన పాలను మరుపూటకు దాచక పారబోయుట. ఈ పని తండ్రి చేతులకును తెలియును. రాత్రి రెండవ జామున లేచి పాలు కలిపి బిడ్డను ఒడిలోనికి తీసికొన్న తండ్రిని చూచినపుడు, తల్లిపాలలో తాను పంచుకొనలేని భాగమును ఆయన ఇచ్చట పంచుకొనుచున్నాడని మనము సంతోషింపవలెను.

కావున బారసాల నాడు అడుగదలచిన ప్రశ్న వేరుగా ఉండవలెను. "పాలు పడలేదా?" అని తల్లిని అడుగుటకు ముందు, ఆమెకు నిద్ర పడుచున్నదా, ఆమె అన్నము వేడిగా తినుచున్నదా, ఆమె మాట ఇంట ఎవరైనను వినుచున్నారా యని ఇంటివారిని అడుగవలెను. కూలి తల్లికి కూలి పోకుండ ఆరు మాసములు బిడ్డ ప్రక్కనుండు ఏర్పాటును ప్రభుత్వమును అడుగవలెను. శస్త్రచికిత్స జరిగిన తల్లి ప్రక్కకు బిడ్డను చేర్చి, పట్టించి చూపు ఒక ఓర్పుగల దాదమ్మను ప్రతి ప్రసూతిగృహమును అడుగవలెను. ఇవన్నియు సమకూర్చిన పిమ్మటను ఏ తల్లియైనను డబ్బా తెరచినచో, అది ఆమె విచారించి చేసిన నిర్ణయమని గౌరవించి, నీళ్లు కాచి ఇచ్చుటకు మనము ముందుకు పోవలెను. ముఖ్యద్రవ్యమును దుర్లభము చేసినవారు ప్రతినిధిని గ్రహించినవారిని నిందించుట ఏ శాస్త్రమునందును లేదు. మాతృధర్మమని మనము పిలుచుచున్నదానిలో మూడుపాళ్లు మన ధర్మమే.